మురిగిపోయే సెలవులు

మార్చి ఆఖరు దాటితే
మురిగిపోయే సెలవులు నాకు నాలుగు.
చిట్‌ఫండ్ ఆఫీసులో నా పక్క కుర్చీ
వాసే భాయ్‌కి కూడా నాలుగే.
"ఊటీ పోదామా?" అన్నాను.
"ఊటీ దేనికి సాబ్,
మనది ఒకప్పుడు ద్రాక్షల ఊరు,
ముందుగాల దీన్ని చూద్దాం" అన్నాడు
స్కూటర్ తాళం వేలికి తిప్పుతూ.

మొదటి రోజు
సంతోష్‌నగర్ సందులు తిరిగి తిరిగి
పాయిగా సమాధుల దగ్గర తేలాం.
కావలి మనిషి పడుకున్నాడు
అతని చెప్పులు మాత్రం గుమ్మం వైపు చూస్తున్నాయి.
జాలీ కిటికీల్లోంచి దిగిన ఎండ
నేలమీద ముక్కలు ముక్కలుగా జరుగుతోంది.
గోడల మీద సున్నంతో పాకించిన తీగలు
ఒక్క ఆకూ రాల్చనివి, ఒక్క కాయా పండనివి.
గుత్తిలాంటిదాన్ని తాకి చూశాను,
గోటికి తెల్లటి పొడి అంటింది.
"ఇవి ద్రాక్షలో కాదో నాకు తెల్వదు,
మా దాదా మాత్రం ద్రాక్షలనే చెప్పేటోడు.
చిన్నప్పుడు ఒకసారి నాకి చూసిన."
"ఎట్లుంది?"
"సున్నం లెక్క."

రెండో రోజు ఎవరింట్లో వాళ్ళం పడుకున్నాం.

మూడో రోజు మేడ్చల్ దారి.
అనాబ్‌షాహీ తోట, పదకొండు ఎకరాలు,
పందిరి కింద నడిస్తే మిట్టమధ్యాహ్నం కూడా
పొద్దుగూకినట్టుండేదట.
ఆ చోట ఇప్పుడు ఇనుప గేటు,
దానిపైన బంగారు రంగు అక్షరాల్లో
'ద్రాక్షవనం విల్లాస్'.
"ఎవరింటికి?" అన్నాడు గేటు కుర్రాడు.
"తోటకి."
వాడు రిజిస్టరు పేజీలు తిప్పాడు.
"తోట వాళ్ళా? సి బ్లాకు.
ఊర్లో లేరు సార్, తిరుపతి పోయిన్రు."

వాసే భాయ్ నవ్వలేదు.
ప్రహరీ వెంట నడుస్తూ నడుస్తూ ఆగి
ఒక రాతి కడీని అరచేత్తో తట్టాడు,
తప్పిపోయిన ఎద్దును పోల్చుకున్నట్టు.
పందిరి మోసిన కడీ.
పైన తీగ కట్టిన గాడి అట్లాగే ఉంది.
ఇప్పుడు దానికి ఎవరివో చిన్నపిల్లల గౌన్లు ఆరుతున్నాయి.

రోడ్డుకి అవతల బండి మీద
సత్తెమ్మ ద్రాక్షలమ్ముతోంది, నాసిక్‌వి.
పదేళ్ళ వయసులో ఇదే తోటలో
గంపలకు గడ్డి పరిచిందట.
ఒక కాయ తుంపి ఎండకెత్తి పట్టింది:
"గిట్ల పడితే లోపలి గింజ కనవడాలె.
గప్పుడే తెంపాలె.
కనవడకుంటే ఇంకా నిద్రల ఉన్నట్టు."
మేమిద్దరం ఒంటికన్నుతో చూశాం.
అందులో గింజే లేదు.
"ఇప్పటియి గంతే" అంది, మాకు రెండు కిలోలు తూచింది.

తిరుగుదారిలో నాకొక కోరిక పుట్టింది.
ద్రాక్షల ఊరికి పోయినవాళ్ళు
అక్కడి రసం ఒక గుక్క రుచి చూడకుండా వస్తారా?
'మల్లన్న వైన్స్' ఇనుప జాలీ ముందు నిలబడ్డాను,
వాసే భాయ్ దూరంగా స్కూటర్ మీద, మొహం తిప్పుకుని.
"ద్రాక్షతో చేసింది ఉందా?"
"క్వార్టరా, హాఫా?"
"అట్లా కాదు, అచ్చంగా ద్రాక్షతో."
వాడు నన్ను ఎక్సైజు వాణ్ణి చూసినట్టు చూశాడు.
బోర్డు మీద ఎంత పెద్ద అక్షరాలు,
లోపల ఆ పేరుకు తగ్గ సీసా ఒక్కటీ లేదు.

"మా ఇంట్ల తాగుడు లేదు సాబ్,
మా దాదీ సిర్కా పెట్టేది.
పగిలిన పండ్లు, రాలిన పండ్లు, ఎవ్వరూ కొననియి
జాడీల పోసి గుడ్డ కట్టేది.
నలభై దినాలు దిక్కు చూడొద్దు అనేది.
మేం రోజూ చూసేటోళ్ళం."

నాలుగో సెలవు వాడుకోలేదు.
మురగనీ అన్నాం ఇద్దరం.
ఆ ఉదయం ఆఫీసులో
పాత లెడ్జర్ల బీరువా వెనక
ఊరగాయ జాడీ ఒకటి చేరింది,
మూతికి వాసే భాయ్ చేతిరుమాలు.
ఏప్రిల్‌లో ఆడిట్‌కొచ్చిన మనిషి
ముక్కు ఎగబీల్చి అడిగాడు, ఏంటీ వాసన అని.
పాత లెక్కలు సార్ అన్నాను.

ఇవ్వాళ ముప్పై ఆరో రోజు.
నేను రెండుసార్లు చూశాను.
అతను ఎన్నిసార్లు చూశాడో
నేనడగలేదు.